ర్యాంకు అడిగి కులం కూపీ లాగుతుంటే ఏం చేయాలి?

మీ తమ్ముడు ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చేరాడని, ‘ర్యాంకెంత’ అంటూ క్లాసులో కులం ఆరా తీస్తున్నారని రాశారు.

ర్యాంకు చెప్పకపోతే ఇంటిపేరు అడుగుతారు. దాంతోనూ తేలకపోతే ‘ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?’ అంటారు. 2013లో ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వెళ్లి చేరినప్పుడు నాకు ఈ మూడూ ఎదురయ్యాయి. తడుముకోకుండా ‘ఎస్సీనే, ఇంకేం కావాలి?’ అనడం రెండో ఏడాదికి గానీ చేతకాలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం తోటివాళ్లు కాదు. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు క్లాస్ ఇన్‌ఛార్జి సారు ‘ఎస్సీ, ఎస్టీలు లేచి నిలబడండి’ అనేవారు. పదకొండు మందిమి. ముందు ఎవరు లేస్తారా అని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం. నిజానికి సారు చెడ్డవారు కాదు, ఆయనకది తలలు లెక్కపెట్టే పని, అంతే.

ఇది తప్పని, యూనివర్సిటీలను, కాలేజీలను నియంత్రించే యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చిందని ఓ సీనియర్ చెప్పాడు. క్లాసులో కులం పేరు చదవకూడదు, రిజర్వేషన్ వాళ్లని ముద్ర వేయకూడదు, మెస్సులో విడిగా కూర్చోబెట్టకూడదు. వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఒకరు ఉండాలి, 60 రోజుల్లో తేల్చాలి. మా దగ్గర ఆ అధికారి ఎవరో ఆఫీసు వాళ్లకే తెలీదు!

అందుకే ప్రిన్సిపాల్‌కి అరపేజీ అర్జీ పెట్టాం. ఎవర్నీ తిట్టలేదు. తేదీ, పీరియడ్, అన్న మాట అన్నట్టుగా రాశాం. మా సంతకాల కింద ఓసీ ఫ్రెండ్స్ ఇద్దరు కూడా పెట్టారు. ‘సారుకిస్తాలే, వెళ్లండి’ అని గుమాస్తా అన్నా, జిరాక్స్ కాపీ మీద, అర్జీ అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు పడేదాకా కదల్లేదు. దసరా సెలవులయ్యాక ఫారాలు ఆఫీసు కౌంటర్లో ఇవ్వడం మొదలుపెట్టారు. సారు మాత్రం ఆ సెమిస్టరంతా మాతో ముభావంగానే ఉన్నారు.

మీ తమ్ముడి విషయంలో ఇంకో దారీ ఉంది. 2016 నుంచి కులం, మతం, ప్రాంతం, పేదరికం పేరుతో వేధించినా, కలుపుకోకుండా దూరం పెట్టినా ర్యాగింగ్ కిందికే వస్తుంది. హెల్ప్‌లైన్ 1800-180-5522. చేసేముందు ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోమనండి.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు భోజనానికి ఎవరి పక్కన కూర్చుంటున్నాడో కూడా అడగండి. మొదటి సెమిస్టరంతా నేను మెస్సుకి అందరూ తిని లేచాక వెళ్లేవాణ్ణి. ఇంట్లో మార్కులడిగేవారు, చెప్పేవాణ్ణి.