ఉల్లిపొట్టులోంచి క్వెర్సెటిన్ ఒక్కటే రావాలంటే?

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. మలక్‌పేట మార్కెట్ నుంచి ఉల్లిపొట్టు తెచ్చి, ఎండబెట్టి, ఇథనాల్‌లో నానబెట్టి, అందులో ఉండే క్వెర్సెటిన్ అనే పసుపురంగు ఫినాల్ పదార్థాన్ని తీస్తున్నాను. మొత్తం ఫినాల్స్ ఎంతో రంగుతో చెప్పే ఫోలిన్ పరీక్షలో విలువ బ్రహ్మాండంగా వచ్చింది కానీ, మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి ఒక్కోదాన్ని ఒక్కో పీకుగా చూపే హెచ్‌పీఎల్‌సీలో చూస్తే ఎక్కడపడితే అక్కడ పీకులే. అచ్చు వేసిన పాలిమర్ వాడితే క్వెర్సెటిన్ ఒక్కటే పట్టుకుంటుందని మా సీనియర్ అంటున్నాడు. నిజమేనా? రివ్యూకి నెలే ఉంది, టెన్షన్‌గా ఉంది.
ఓ విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్

జవాబు: ముందు ఫోలిన్ సంగతి. దానికి క్వెర్సెటిన్ అనీ ఇంకోటనీ తేడా తెలియదు, ఎలక్ట్రాన్లు ఇచ్చేది ఏదైనా నీలం రంగు తెప్పిస్తుంది, విటమిన్ సి కూడా. ఆ నంబరు చూసి సంబరపడొద్దు, నిజం చెప్పింది మీ పీకులే.

మీ సీనియర్ చెప్పింది సగం నిజం. తడి బంకమట్టిలో చింతగింజ నొక్కి, ఎండాక తీసేస్తే గుంట మిగులుతుంది కదా, అచ్చు పాలిమర్ కూడా అంతే, గింజ బదులు క్వెర్సెటిన్. క్వెర్సెటిన్‌కి కొంచెం ఆమ్ల గుణం ఉంది కాబట్టి 4-వినైల్‌పిరిడిన్ లాంటి క్షార మోనోమర్‌తో (పాలిమర్‌కి ఇటుకలాంటి చిన్న అణువు) జతకట్టించి, గొలుసుల్ని అడ్డంగా కట్టేసే ఈజీడీఎంఏ అనే క్రాస్‌లింకర్ వేసి, చర్యను మొదలుపెట్టే ఏఐబీఎన్‌తో 60 డిగ్రీల దగ్గర గట్టిపడనిచ్చి, ఆ తర్వాత క్వెర్సెటిన్‌ని కడిగేస్తారు. 1970లలో జర్మనీలో గుంటర్ వుల్ఫ్, ఆ తర్వాత స్వీడన్‌లో క్లౌస్ మోస్‌బాక్ ఈ దారి వేసినవాళ్లు. కానీ చింతగింజ గుంటలో కందిబద్ద వేసినా పడుతుంది! ఆకారం ఒక్కటే చాలదు, పట్టి నిలిపేవి గుంట గోడలతో కుదిరే హైడ్రోజన్ బంధాలు. నీళ్లో ఆల్కహాలో ఎక్కువగా ఉంటే అవే వచ్చి ఆ బంధాల్లో కూర్చుంటాయి, మీ క్వెర్సెటిన్‌కి చోటుండదు. అందుకే ఇథనాల్ సారాన్ని నేరుగా ఈ పాలిమర్ నింపిన గొట్టంలో (కాలమ్‌లో) పోస్తే చాలావరకు అలాగే కిందికి జారిపోతుంది. సారాన్ని ఆవిరి చేసి, పాలిమర్ తయారీలో వాడిన ద్రావణిలోనే మళ్లీ కరిగించి పోయండి, దాంతోనే తేలిగ్గా కడగండి, చివర్లో మెథనాల్ తొమ్మిది పాళ్లకు ఎసిటిక్ ఆమ్లం ఒక పాలు కలిపి దించండి. కెంప్ఫెరాల్ లాంటి దగ్గరి చుట్టాలు కొంత వస్తాయి, తప్పదు.

రివ్యూలో తప్పకుండా అడిగేవి రెండు. క్వెర్సెటిన్ వేయకుండా అదే వంటకంతో చేసిన పాలిమర్ ఎంత పట్టింది? అదీ అంతే పడితే మీ అచ్చు ఉత్తదే. రెండోది, ఎంత కడిగినా అచ్చులో మిగిలిన క్వెర్సెటిన్ కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది, సారం లేకుండా ఖాళీ ద్రావణితో ఒకసారి నడిపి ఆ లెక్క తీసేయకపోతే, మీరు వేసిందే మీకు తిరిగొచ్చి సారంలోంచి వచ్చినట్టు కనిపిస్తుంది.

నెలే ఉంది కాబట్టి మొత్తం భారం అచ్చు మీద పెట్టకండి. మామూలు పాలీస్టైరీన్ రెజిన్ చవక, మళ్లీ మళ్లీ వాడొచ్చు. సారంలో ఆల్కహాల్ చాలావరకు తగ్గించి, నీళ్లతో పలచన చేసి దాని మీద పోస్తే చక్కెరలు నీళ్లతో వెళ్లిపోతాయి, ఫినాల్స్ అతుక్కుంటాయి, 70 శాతం ఇథనాల్‌తో దించుకోవచ్చు. ఆల్కహాల్ మొత్తం తీసేస్తే మాత్రం క్వెర్సెటిన్ అడుగున మడ్డిలా పేరుకుంటుంది, కొంచెం ఉండనివ్వండి. అలా వచ్చినదాన్ని ఆరబెట్టి, పాలిమర్ ద్రావణిలో కరిగించి అచ్చు మీద పోసి, అచ్చుకు ముందూ తర్వాతా హెచ్‌పీఎల్‌సీలో 370 నానోమీటర్ల కాంతి దగ్గర వచ్చిన పీకులు పక్కపక్కన పెట్టి చూపించండి.

అన్నట్టు, పొట్టు ఎండిన పైపొరలదే తీసుకోండి. లోపలి కండలో క్వెర్సెటిన్ చాలావరకు చక్కెరతో కలిసి ఉంటుంది, ఆ లావు ఒంటితో అది మీ గుంటలో సరిగ్గా పట్టదు.