ముత్తాత రాసింది రహస్య లిపి కాదు, పద్దు అయి ఉంటుంది

మీ ముత్తాతగారి పుస్తకంలో అంకెల పక్కన నిలువు గీతలు, అడ్డగీతలు ఉన్నాయని, అది నిధి జాడ చెప్పే సంకేతమని ఇంట్లో అంటున్నారని, ఎలా విప్పాలని అడిగారు. ముందుగా ఒక మాట. ఎవరినీ గడ్డపార ముట్టుకోనివ్వకండి. మన ఇళ్లలో బయటపడే రహస్య లిపుల్లో నూటికి తొంభై పద్దులే. ఈ విషయంలో నాకు సందేహమే లేదు.

మా తాతమ్మ కాసులపేరు ఏమైందన్న దాని మీద మా రెండు కుటుంబాలకు ఏళ్ల తరబడి మాటలు లేవు. పెద్ద తాత కాజేశాడని ఒకరు, పశువుల కొట్టంలో పాతిపెట్టారని ఇంకొకరు. కొట్టం నేల తవ్వించారు కూడా. ఆ తర్వాత భోషాణంలో ముత్తాత చిట్టా దొరికింది. ఒక పుట పైన ‘పార్థివ’, దాని కింద ‘కా.పే. తా. ౧౫౦’. ఆ కింద వరసగా కా.బ., మా.బ., పు.బ. అంటూ పొడి అక్షరాలు. ప్రతి వరసలోనూ ఒకటే గుర్తు, ౧౺. బీజాక్షరాలన్నారు మా బాబాయి. కటపయాది అన్నారు ఇంకో బంధువు. కర్ణాటక సంగీతంలో మాయామాళవగౌళ రాగం 15వ మేళమని ‘మాయా’ అన్న అక్షరాలతో చెప్పేది కటపయాది. అది అక్షరాలను అంకెలు చేసే పద్ధతి, గీతలతో దానికి పని లేదు.

ధాన్యం కొట్లో గుమాస్తాగా చేసిన ఒక పెద్దాయనకు ఆ పుట చూపించాను. కళ్లజోడు పెట్టుకుని వేలితో వరసలు దిగుతూ ‘రూపాయిన్నర, రూపాయిన్నర’ అని గడగడా చదివేశారు. ‘ఇది వడ్డీ బాబూ. నూటికి రూపాయి ధర్మవడ్డీ. నూట యాభైకి నెలకు రూపాయిన్నర’ అన్నారు.

కీలకమంతా గీతల్లోనే ఉంది. నిలువు గీత ఒక్కొక్కటి పావలా, అడ్డగీత ఒక్కొక్కటి అణా. రూపాయికి పదహారు అణాలు కదా! నాలుగు అడ్డగీతలైతే ఒక నిలువు గీత, నాలుగు నిలువులైతే ఒక రూపాయి. అందుకే ఏ గీతా మూడుకు మించి కనిపించదు. ౧౹౼ అంటే రూపాయి అయిదణాలు, ౨౺౾ అంటే రెండు రూపాయల పదకొండణాలు. రెండూ కలిపితే గీత లేని ౪. 1957లో నయాపైసలు వచ్చేదాకా పద్దు రాసేవాళ్లకు ఇది రోజువారీ లెక్క.

పార్థివ తెలుగు సంవత్సరం పేరు, అరవై ఏళ్లకోసారి వస్తుంది. ముత్తాత బతికున్న కాలాన్ని బట్టి అది 1945. ‘కా.బ.’ కార్తిక బహుళం. ‘మా’ మార్గశిరమా, మాఘమా అన్నది వరసే చెబుతుంది. చైత్రానికి పైన సంవత్సరం పేరు ‘వ్యయ’ అని మారింది. వైశాఖంతో రూపాయిన్నరలు ఆగిపోయాయి. కింద ‘వదులుకున్నాము’ అన్న ఒక్క మాట. కా.పే. తా. అంటే కాసులపేరు తాకట్టు. ఎవరూ కాజేయలేదు, ఎవరూ పాతిపెట్టలేదు. పెద్ద తాత మాత్రం ఆ నింద మోస్తూనే పోయారు. తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంకా కోపం తెప్పించేది గుప్తనిధుల ముఠాలు. నంది కడుపులో వజ్రాలున్నాయని పాడుబడిన గుళ్లలో విగ్రహాలను పగలగొడతారు. నిజంగా నిధే దొరికినా, 10 రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. అసలైన నిధి అనదగ్గ కాగితాలనేమో భోగి మంటల్లో వేస్తున్నారు. 1984లో ఊరి లెక్కలు రాసే కరణాల ఉద్యోగాలు పోయాక ఈ రాత చదవగలిగేవారు ఊళ్లలో తగ్గిపోయారు. ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లో చేరాయి. మా పిల్లల తెలుగు వాచకంలో మాత్రం ఒక్క గీతా కనిపించలేదు.

మీ పుస్తకంలో ఎక్కడైనా ఒకే రకం గీతలు నాలుగు పక్కపక్కన ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఒక పుట కింది మొత్తంతో కూడి సరిచూడండి. ‘మ.రా.రా.శ్రీ’ అని కనబడితే మంత్రమనుకోకండి, అది ‘మహారాజరాజశ్రీ’ అన్న మర్యాద మాట. ధాన్యం లెక్కలైతే పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు పట్టుకుని చదవండి. మీ ఊళ్లో పాత కొట్టు గుమాస్తా ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్లి చూపించండి. అలాంటివాళ్లు ఇప్పుడు బాగా పెద్దవాళ్లయిపోయారు.