లాపరోస్కోపీతో గర్భసంచి తీయించుకుంటే కోలుకోవడానికి ఎంత కాలం పడుతుంది: నా అనుభవం

మీకు 44 ఏళ్లనీ, అడినోమయోసిస్ (గర్భసంచి లోపలి పొర దాని కండర గోడలోకి చొచ్చుకుపోయే జబ్బు) వల్ల నెలనెలా అధిక రక్తస్రావంతోనూ నొప్పితోనూ బాధపడుతున్నారనీ, లాపరోస్కోపీ ద్వారా, అంటే పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి కెమెరా సాయంతో, గర్భసంచి తీసివేయడం మంచిదని డాక్టరు చెప్పారనీ రాస్తూ, ఆపరేషన్ అయిన పది రోజులకు ఉద్యోగానికి వెళ్లగలనా అని అడిగారు. ఇదే జబ్బుకు ఇదే ఆపరేషన్‌ను నేను నాలుగేళ్ల క్రితం, నా 46వ ఏట చేయించుకున్నాను. పది రోజులకు మీరు ఇంట్లో హాయిగా లేచి తిరగగలుగుతారు కానీ, ఉద్యోగానికి మాత్రం దయచేసి ఆ లెక్క పెట్టుకోకండి.

పొట్ట మీద పడే గాట్లు మూడో నాలుగో ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు ఒక సెంటీమీటరుకు మించదు. వాటిని చూసి మనమూ ఇంట్లోవాళ్లూ ఇది చిన్న ఆపరేషనే అనుకుంటాము. అసలు గాయం లోపల ఉంటుంది. గర్భసంచిని ముఖద్వారంతో సహా తీసివేసిన తరువాత యోని పైభాగాన్ని కుట్టి మూసివేస్తారు, ఆ కుట్టు గట్టిపడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. పొట్ట కోసి చేసినా, లాపరోస్కోపీతో చేసినా ఈ లోపలి కుట్టు మానే కాలంలో పెద్ద తేడా ఉండదు. లాపరోస్కోపీ తగ్గించేది పొట్ట గోడకు తగిలే దెబ్బను, దానితోపాటు నొప్పిని, రక్తనష్టాన్ని, ఆసుపత్రిలో ఉండవలసిన రోజులను. ఈ సంగతి నాకు ముందుగా ఎవరూ విడమరిచి చెప్పలేదు. పదహారో రోజున, నొప్పి లేదు కదా అని నిండు నీళ్ల బకెట్ ఎత్తాను. ఆ సాయంత్రమే ఆగిపోయిన రక్తం మళ్లీ కనిపించింది. పరీక్ష చేసిన డాక్టరు కుట్టు ఊడలేదని చెప్పేవరకు నేను పడిన భయం మీరు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక ఆపరేషన్ నిర్ణయం గురించి. గర్భసంచి తీయించుకోవడం వెనక్కి తీసుకోలేని పని కాబట్టి, హార్మోన్‌ను విడుదల చేస్తూ గర్భసంచిలోనే ఉండే పరికరం మీకు సరిపోతుందా అన్నది ముందుగా అడగండి. అడినోమయోసిస్ ఉన్న చాలామందికి దానితో రక్తస్రావం బాగా తగ్గుతుంది. నేను రెండేళ్లు వాడినా నొప్పి తగ్గకపోవడంతోనే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను, అందుకే ఆ తరువాత ఒక్కరోజు కూడా పశ్చాత్తాపపడలేదు. పొట్ట మీద గాటే లేకుండా యోని మార్గంలో చేసే పద్ధతి మీకు వీలవుతుందేమో కూడా అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు ఇదేదో కొత్త ప్రయోగమని సంకోచిస్తే, హ్యారీ రైక్ అనే అమెరికా వైద్యుడు 1988లోనే లాపరోస్కోపీతో గర్భసంచి తొలగించారని చెప్పండి.

సంతకం పెట్టే ముందు తప్పక తేల్చుకోవలసింది అండాశయాల సంగతి. గర్భసంచితోపాటు వాటినీ తీసివేస్తే మెనోపాజ్ ఒక్కసారిగా వచ్చిపడుతుంది, ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి మొదలవుతాయి, ఎముకలు త్వరగా బలహీనపడతాయి. కుటుంబంలో అండాశయ క్యాన్సర్ వంటి ప్రత్యేక కారణం లేకపోతే మన వయసులో వాటిని ఉంచడమే మేలని నా అభిప్రాయం, నేనూ అలాగే ఉంచుకుని ఫెలోపియన్ నాళాలను (అండాశయాల నుంచి గర్భసంచికి వచ్చే గొట్టాలను) మాత్రం తీయించుకున్నాను. ముఖద్వారాన్ని ఉంచితే కొందరికి నెలనెలా కొద్దిగా రక్తం కనిపిస్తూనే ఉంటుంది, ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగా కనిపెట్టే పాప్ పరీక్షలూ కొనసాగించాలి. గర్భసంచి బాగా పెద్దదైతే దాన్ని ఎలా బయటికి తీస్తారన్నదీ అడగండి: లోపలే యంత్రంతో ముక్కలు చేస్తే, బయటపడని క్యాన్సర్ ఏదైనా ఉన్నప్పుడు అది పొట్టలో వ్యాపించే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. రక్తహీనత ఉంటే ముందే సరిచేయించుకోండి. నా హిమోగ్లోబిన్ 8 ఉండగా, ఐరన్ ఎక్కించి, అది పెరిగిన తరువాతే తేదీ ఇచ్చారు.

మొదటి మూడు రోజుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది పొట్ట కాదు, భుజం. ఆపరేషన్ కోసం పొట్టలో నింపే కార్బన్ డయాక్సైడ్ వాయువు ఉదరవితానాన్ని (పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండర పొరను) ఒరిపిడి పెట్టడం వల్ల ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. మెల్లగా నడుస్తూ ఉంటే రెండు మూడు రోజుల్లో పోతుంది. మలబద్ధకాన్ని తేలికగా తీసుకోకండి, ముక్కడం లోపలి కుట్టుకు మంచిది కాదు, మందు అడిగి తీసుకోండి. రెండో వారం నుంచి నొప్పి దాదాపు పోయినా, అరగంట కూర్చుంటే చాలు ఒళ్లంతా సోలిపోయేది. ఆ నీరసం నాకు అయిదో వారం దాకా ఉంది. కొద్దిపాటి ఎర్రని లేదా గోధుమరంగు స్రావం కొన్ని వారాలు ఉండవచ్చు.

కానీ గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తం, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, యోని నుంచి మూత్రం కారడం, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. రోజురోజుకూ తగ్గవలసిన పొట్టనొప్పి పెరుగుతూ ఉంటే అదీ అంతే, ఎందుకంటే పేగుకో మూత్రనాళానికో తగిలిన గాయం కొన్నిసార్లు కొద్ది రోజుల తరువాతే బయటపడుతుంది.

కూర్చుని చేసే పని అయితే నాలుగు వారాలు, నిలబడి చేసేదైనా బరువులు మోసేదైనా ఆరు నుంచి ఎనిమిది వారాలు సెలవు పెట్టండి. దాంపత్య సంబంధం కూడా డాక్టరు కుట్టును పరీక్షించి సరేనన్న తరువాతే, ఈ మాట మీవారికి ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉంచండి. నేను నాలుగో వారంలో సగం పూటలతో మొదలుపెట్టి, ఏడో వారానికి పూర్తి పనిలో పడ్డాను.