పాప నా దగ్గరికి రావట్లేదు: సమాధానం

బ్రదర్, పాపకు ఎనిమిది నెలలు, గుంటూరులో అమ్మమ్మగారింట్లో ఉంది, మీరు విజయవాడ నుంచి ఆదివారాలే వెళ్తున్నారు, ఎత్తుకోగానే గుక్కపట్టి ఏడుస్తోంది. "పేగుబంధం తల్లికే, తండ్రికి ఉండదేమో" అని రాశారు. ఆ దిగులు వదిలేయండి. ఆరేడు నెలలు దాటాక పిల్లలకు తెలిసిన ముఖం, కొత్త ముఖం తేడా గట్టిగా తెలుస్తుంది. అది ఎదుగుదలే.

ఇక పేగు సంగతి. తల్లికి కాన్పుతో, పాలివ్వడంతో ఆక్సిటోసిన్ అనే, మమకారం పెంచే హార్మోన్ విడుదలవుతుంది, నిజమే. తండ్రుల్లోనూ అది పెరుగుతుంది, కాకపోతే ఎత్తుకుని తిప్పడం, ఆడించడం లాంటి వాటితో. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది మగవాళ్లను కొన్నేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. తండ్రులైనవాళ్లలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలకు పైగా పిల్లల పని చూసేవాళ్లలో ఇంకా తక్కువ. (కంగారుపడకండి, రోగమేమీ కాదు!) అంటే చాకిరీ చేస్తుంటే ఒళ్లే తండ్రిగా మారుతుందన్నమాట.

గుంటూరు ఎంత దూరమని, వారం మధ్యలో రెండు సాయంత్రాలు కూడా వెళ్లండి. వెళ్లగానే లాక్కోకండి. అమ్మమ్మ ఒళ్లో ఉండగానే పక్కన కూర్చుని గిలక్కాయ ఆడించండి, తనే చెయ్యి చాపేదాకా ఆగండి. ఆదివారం స్నానం, అన్నం మీరే చూడండి. మా వాడికైతే నెల పట్టింది.