టెక్ సందేహాలు: ఆభా ఉన్నా మళ్లీ రక్తపరీక్షలెందుకు?

ప్రశ్న: మా అమ్మకు షుగర్, కిడ్నీ సమస్య ఉన్నాయి. ఆభా (కేంద్రం తెచ్చిన డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు తీసుకుని, రిపోర్టులన్నీ ఫొటోలు తీసి యాప్‌లో పెట్టాను. మొన్న వేలూరులో ఓ ఆస్పత్రికి తీసుకెళ్తే పాత క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) విలువలేవీ వాళ్ల కంప్యూటర్లో కనిపించలేదు. మళ్లీ రక్తం ఇమ్మన్నారు. యూరప్‌లోని ఎస్టోనియాలో చదువుతున్న మా పిన్ని కొడుకేమో అక్కడ ఎప్పట్నుంచో అన్నీ ఒకేచోట కనిపిస్తాయంటాడు. మనకెందుకు కుదరట్లేదు?
– ఓ పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు మీ ఫోన్ సంగతి. మీరు పెట్టినవి ఫొటోలు. వాటిని డాక్టరు చదవగలరు గానీ సాఫ్ట్‌వేర్‌కు అవి వట్టి బొమ్మలు. అందులోని 1.8 క్రియాటినినో, పేజీ నంబరో దానికి తెలీదు. ఓపీ కౌంటర్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాం కదా అంటారేమో. దాంతో వెళ్లేది పేరు, వయసు, ఆభా నంబరు లాంటి వివరాలే. టోకెన్ త్వరగా వస్తుంది, అంతే. రిపోర్టు వెళ్లాలంటే ల్యాబ్ దాన్ని మీ ఆభాకు లింకు చేయాలి, అవతలి ఆస్పత్రి అడగాలి, మీరు యాప్‌లో అనుమతి ఇవ్వాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా కథ మొదటికొస్తుంది.

మీ తమ్ముడి మాట చాలావరకు నిజమే. ఎస్టోనియా జనాభా 13 లక్షల పైచిలుకు, మన తిరుపతి జిల్లా కంటే తక్కువ. ఆ వెసులుబాటు వాళ్లకుంది. కానీ అసలు కారణం అది కాదు. ప్రభుత్వ శాఖల కంప్యూటర్లు ఒకదాన్నొకటి అడిగి సమాచారం తెచ్చుకునే ఎక్స్-రోడ్ వ్యవస్థను వాళ్లు 2001లోనే మొదలుపెట్టారు. మరుసటి ఏడాది డిజిటల్ గుర్తింపు కార్డులొచ్చాయి. 2008 చివర్లో జాతీయ ఆరోగ్య సమాచార వ్యవస్థ మొదలయ్యేసరికి పత్రం ఏ రూపంలో ఉండాలో ముందే తేల్చుకున్నారు. ఇందుకు అంతర్జాతీయ ప్రమాణాలనే ఎంచుకున్నారు: డిశ్చార్జి సమ్మరీకి హెచ్‌ఎల్7 అనే ప్రమాణాల సంస్థ సీడీఏ ఫార్మాట్, జబ్బుకు ఐసీడీ-10 కోడు, ల్యాబ్ పరీక్షకు లోయింక్ కోడు, స్కానింగ్ బొమ్మలకు డైకామ్ ఫార్మాట్. డాక్టర్లు సమాచారం పంపాల్సిందేనని చట్టం చేశారు. 2010లో మందుల చీటీ కూడా ఆన్‌లైన్లోకి వెళ్లింది. తన రికార్డు ఎవరెవరు తెరిచి చూశారో రోగి లాగిన్ అయి చూసుకోవచ్చు. నన్నడిగితే మనం మొదట కాపీ కొట్టాల్సింది దీన్నే.

కోడ్లు అంత అవసరమా అంటే, మీ అమ్మగారి పరీక్షనే చూడండి. రక్తంలో క్రియాటినిన్‌ను మన ల్యాబులు డెసీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాస్తాయి. దాని లోయింక్ కోడు 2160-0. యూరప్‌లో ఎక్కువగా లీటరుకు మైక్రోమోల్స్‌లో రాస్తారు, కోడు 14682-9. మన 1.2 అక్కడ 106 అవుతుంది. యూనిట్ లేకుండా 106 అని చూస్తే ఇంటిల్లిపాదికీ టెన్షనే! కోడు పక్కనుంటే ఏ కంప్యూటరైనా 88.4తో భాగించి మన లెక్కలోకి మార్చేస్తుంది, పదేళ్ల విలువల్ని ఒకే గ్రాఫుగా గీసిస్తుంది.

అలాగని అక్కడంతా సవ్యంగా జరిగిపోలేదు. అనుకున్న లక్ష్యాలు నెరవేరలేదని 2014లో ఆ దేశ ఆడిట్ కార్యాలయమే తప్పుపట్టింది.

మన దేశం 2013లో ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు ప్రకటించి, 2016లో సవరించింది. ఆభా నంబర్లిచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది 2021 సెప్టెంబరులో. ఫార్మాట్ విషయంలో ఆలస్యం మనకు కలిసొచ్చింది. హెచ్‌ఎల్7 సంస్థే తర్వాత తెచ్చిన, సీడీఏ కంటే తేలికైన ఎఫ్‌హెచ్‌ఐఆర్ ఫార్మాట్‌ను నేరుగా తీసుకున్నాం. చిక్కు ఎక్కడంటే, అందులో పీడీఎఫ్‌ను అలాగే చుట్టి పంపినా చెల్లుతుంది. కవరు కొత్తది, లోపల పాత కాగితమే.

ప్రస్తుతానికి రక్తం ఇచ్చేటప్పుడే ల్యాబ్ వాళ్లకు ఆభా నంబరు చెప్పి లింకు చేయమనండి. వేలూరుకు మాత్రం తేదీ, విలువ, యూనిట్, ల్యాబ్ పేరుతో ఒక కాగితం రాసి తీసుకెళ్లండి. బస్తాడు ఫైళ్లకంటే డాక్టరుకు అదే పనికొస్తుంది. పాతవన్నీ కనిపించినా మళ్లీ పరీక్ష రాయొచ్చు, క్రియాటినిన్ మారుతూ ఉండేదే.

ప్రశ్న: చిత్తూరులో చిన్న ల్యాబ్ నడుపుతున్నా. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చాలా?

జవాబు: అమ్మినవాళ్లను రెండే అడగండి. డిజిటల్ మిషన్‌లో ఎం1, ఎం2 దశలు పూర్తయ్యాయా? ఎం1 అంటే ఆభా సరిచూడటం, ఎం2 అంటే రికార్డు లింకు చేసి పంపడం. ఫలితం పీడీఎఫ్‌గానే వెళ్తుందా, విలువలూ కోడ్లతో వెళ్తుందా? ‘అన్నీ ఉన్నాయి సార్’ అంటే డబ్బు కట్టకముందే ఒక రిపోర్టు మీ ఆభాకు పంపించి చూపించమనండి.

ప్రశ్న: ఎమ్మారై సీడీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవట్లేదు.

జవాబు: అందులో ఉండేవి జేపీజీలు కావు, డైకామ్ ఫైళ్లు. చాలావాటికి చివర ఎక్స్‌టెన్షనే ఉండదు. విండోస్‌లో మైక్రోడైకామ్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, సీడీలోని డైకామ్‌డిర్ అనే ఫైలును దాంతో తెరవండి. సొంత వాడకానికి అది ఉచితం. ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డ్రైవ్ తగిలించాలి. ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, సీడీ మీద గీతలు పడితే తెరుచుకోకపోవచ్చు.