పుట్టకొక్కులు కాల్చాలంటే ముందు వాటి నీళ్లు దించాలి

వరంగల్, ములుగు, కరీంనగర్ వైపు నుంచి కొత్తగా విదేశాలకు వచ్చిన పిల్లలు పుట్టకొక్కుల (మష్రూమ్‌ల) గురించి తరచూ అడిగే వంట సందేహం ఒకటుంది. "పుట్టకొక్కులకు మసాలా పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినం. ఓవెన్‌లో పెడితే కాలలేదు, నీళ్లలో ఉడికినయ్. మసాలా అంతా జారి ట్రేలో మాడిపోయింది. ఏం తక్కువైంది?"

తక్కువైంది ఏమీ లేదు. చేసిన వరుసే తప్పు. నూరు గ్రాముల పుట్టకొక్కుల్లో దాదాపు తొంభై రెండు గ్రాములు నీళ్లే. ఉప్పు, పెరుగు కలిపిన మసాలాలో గంటల తరబడి ఉంచితే ఉప్పు ఆ నీటిని బయటికి లాగుతుంది, మసాలా పలచనై జారిపోతుంది. ఓవెన్ వేడి ముందు ఆ నీళ్లను మరిగించడానికే సరిపోతుంది. తడి ఆరితే గానీ పైభాగం ఎర్రబడదు. కోడికి, పనీరుకు రాత్రంతా నానబెట్టే పద్ధతి పుట్టకొక్కులకు పనికిరాదు. ముందు ఉత్తగా ఒక సెగ చూపించి నీళ్లు దించాలి, వేడి మీదుండగానే మసాలా పట్టించాలి, మళ్లీ సెగ మీద పెట్టి కాల్చాలి. ఈ కూరగాయకు ఒక మంచి గుణముంది, ఎంతసేపు ఉడికినా వంకాయలా మెత్తబడి పేస్టవదు. దాని కణాల గోడల్లో ఉండే కైటిన్ వేడికి కరగదు. కాబట్టి రెండుసార్లు సెగ చూపిస్తే చెడిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు.

కొనేటప్పుడు తెల్ల బటన్, గోధుమరంగు క్రిమినీ, అరచేయంత పోర్టబెల్లో అని మూడు పేర్లు కనిపిస్తాయి. మూడూ ఒకటే జాతి, తేడా రంగులోనూ ముదురులోనూ. ఈ వంటకు గోధుమరంగువి, గొడుగు నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్నవి తీసుకోండి. తెల్లవాటికంటే రుచి చిక్కగా ఉంటుంది. అయినా మన దగ్గర తొలకరికి పుట్టల మీద లేచే కొక్కుల రుచి వీటిలో వెతక్కండి. అవి చెదల గూళ్లలో పెరిగే వేరే జాతి, పీచుపీచుగా చీలి మాంసంలా నమిలిస్తాయి. ఆ పీచు కావాలంటే ఆయిస్టర్ మష్రూమ్ కొని, చేత్తో నిలువునా చీల్చి ఇదే పద్ధతిలో చేయండి. షిటాకే అయితే మాత్రం లోపలిదాకా ఉడకాలి, సగం పచ్చిగా తింటే కొందరికి ఒంటిమీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలతో దద్దుర్లు వస్తాయి.

డబ్బా ఎత్తి అడుగు చూడండి. పైనున్న ప్లాస్టిక్ లోపలివైపు నీటి బొట్లు కట్టినా, గొడుగు జిగటగా ఉన్నా వద్దు. ముందే ముక్కలు కోసినవి కొనకండి, అవి త్వరగా నల్లబడతాయి, సెగకు ఎండి చర్మంలా తయారవుతాయి. ఇంటికి తెచ్చాక కాగితం సంచిలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వాన పడ్డాక పార్కులోనో ఇంటి వెనక చెట్ల కిందో లేచిన కొక్కుల్ని చూసి ఊరు గుర్తొచ్చి కోసుకోకండి. ఊళ్లో ఏది తినేదో, ఏది కుక్కగొడుగో మన పెద్దవాళ్లకు తెలుసు. ఆ తెలివిడి ఆ నేలకే చెల్లుతుంది. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో ఓక్ చెట్ల కింద లేచే డెత్ క్యాప్ అనే విషపు కొక్కు, ఆసియాలో తినే వరిగడ్డి పుట్టగొడుగులా కనిపిస్తుంది. ఆసియా నుంచి వెళ్లినవాళ్లు దాన్ని ఇదే అనుకుని వండుకుని చనిపోయిన సంఘటనలున్నాయి. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. వాంతులు, విరేచనాలు ఆరు గంటలు దాటాకగానీ మొదలుకావు. తర్వాత ఒక రోజు తగ్గినట్టే అనిపిస్తుంది, అప్పటికి కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. కొట్టులో కొన్నవే వండండి.

ఇక మాటల తికమక. వంటల పుస్తకంలో గ్రిల్ అని ఉంటే ఏ దేశపు పుస్తకమో చూడండి. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో గ్రిల్ అంటే ఓవెన్ పైకప్పుకు ఉండే ఎర్రటి కడ్డీ. అదే కడ్డీని అమెరికాలో బ్రాయిల్ అంటారు, అక్కడ గ్రిల్ అంటే ఆరుబయట కింద మంట ఉండే ఇనుప జల్లి. అమెరికా కొట్లలో చిల్లీ పౌడర్ అని సీసాలో అమ్మేది చాలావరకు మన కారం కాదు, అందులో జీలకర్ర, ఎల్లిపాయ పొడి, ఒరెగానో, ఒక్కోదాంట్లో ఉప్పు కూడా కలిసి ఉంటాయి. దాన్ని వేస్తే వంట ఏ రుచికీ రాదు. ధనియాలు అడగాలంటే కోరియాండర్, కొత్తిమీరకు సిలాంట్రో. బ్రిటన్‌లో రెండింటికీ కోరియాండరే. నువ్వుల నూనె పేరుతో చైనా వస్తువుల అరలో దొరికే ముదురురంగు నూనె, వేయించిన నువ్వులతో తీసినది. దానితో కాల్చడం మొదలుపెడితే చేదెక్కుతుంది. పల్లి నూనె వాడండి. ఇంకొకటి, టేబుల్ స్పూన్ చాలా దేశాల్లో పదిహేను మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో ఇరవై. అక్కడ కొన్న టేబుల్ స్పూనుతో కొలిస్తే పెరుగు, శనగపిండి, నూనె మూడోవంతు ఎక్కువ పడతాయి.

కారం సంగతి మన వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, ఈ వంటకు తేజ రకం మిర్చి కారం ఒక్కటే వేస్తే రంగు వచ్చేలోపే నోరు మండుతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చి దీనికి సరైనది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఇంటి నుంచి పొడి తెచ్చుకున్నవారు మూడు వంతులు చపాటా, ఒక వంతు తేజ కలపండి. లేనివారికి కశ్మీరీ కారం ఇండియన్ స్టోర్‌లో దొరుకుతుంది.

కొలతలు రెండు డబ్బాలకు, అంటే అమెరికాలో ఎనిమిది ఔన్సులవి రెండు, సుమారు 450 గ్రాములు. ముగ్గురికి పక్కన పెట్టుకోవడానికి వస్తుంది. చిక్కటి పెరుగు నాలుగు టేబుల్ స్పూన్లు. గ్రీక్ యోగర్ట్ తీపి లేనిది తీసుకుంటే గుడ్డలో కట్టి వేలాడదీసే పని లేదు. వెనిలా వాసన ఉన్నది పొరపాటున తెచ్చుకోకండి, డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. శనగపిండి ఒక టేబుల్ స్పూను, నూనె లేకుండా సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. మసాలా జారకుండా పట్టి ఉంచేది ఇదే, పచ్చిది వేస్తే నాలుకకు పిండి తగులుతుంది. వేయించి దంచిన నువ్వులు ఒక టేబుల్ స్పూను. కారం ఒకటిన్నర టీస్పూను, ధనియాల పొడి ఒక టీస్పూను, వేయించిన జీలకర్ర పొడి అర, గరం మసాలా పావు, పసుపు చిటికెడు. అల్లం ఎల్లిపాయ ముద్ద ఒక టీస్పూను, అప్పుడే నూరింది. సీసాలో వచ్చేదాంట్లో ఉప్పు, పులుపు కలిసుంటాయి, అదే వాడితే ఉప్పు తగ్గించండి. ఉప్పు ముప్పావు టీస్పూను, పల్లి నూనె రెండు టేబుల్ స్పూన్లు. అన్నీ కలిపితే ఇడ్లీ పిండికంటే చిక్కగా, గంటెకు అంటుకుని నిలవాలి.

పుట్టకొక్కుల్ని కుళాయి కింద గబగబా కడిగి వెంటనే గుడ్డతో ఒక్కొక్కటీ తుడవండి. గిన్నెలో నానబెట్టకండి. కాడ పీకేయొద్దు, చివర ఎండిన ముక్క మాత్రం కోయండి. కాడ లాగితే గొడుగు చీలి, సీకుకు గుచ్చినప్పుడు విడిపోతుంది.

బ్రాయిలర్‌ను, అంటే ఓవెన్ పైకప్పు కడ్డీని, పది నిమిషాల ముందు వెలిగించండి. ఇనుప ట్రే మీద తీగల జల్లి పెట్టి, కొక్కులకు ఒక టేబుల్ స్పూను నూనె రాసి, కాడ పైకి వచ్చేలా వాటి మధ్య వేలు దూరేంత ఎడంతో పరవండి. కడ్డీకి పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల కింద పెట్టాలి. గాజు ట్రే వద్దు, ఆ సెగకు పగిలిపోతుంది. బేకింగ్ కాగితం కూడా వద్దు, అంటుకుంటుంది. నాలుగైదు నిమిషాలకు గొడుగు లోపల కాడ చుట్టూ నీరు ఊరి, చిన్న ప్రమిదలో నూనెలా నిలుస్తుంది. అంచుల్లో బుడగలు లేస్తాయి. ఇంకో మూడు నిమిషాలాగి పట్టకారుతో ఒక్కొక్కటీ గిన్నెలోకి వంపి, బోర్లించి మరో నాలుగు నిమిషాలు పెట్టండి. ముందు చుయ్‌మనే చప్పుడు వస్తుంది, అది తగ్గి చిటపట మొదలైతే నీళ్లు దిగినట్టే. బయటికి తీస్తే గొడుగు చిన్నదై, తోలు ముడతపడి కనిపిస్తుంది. గిన్నెలోకి వంపిన నీళ్లు పారబోయకండి, పప్పుచారులో పోస్తే దానికో కొత్త రుచి వస్తుంది.

వేడి తగ్గకముందే వాటిని మసాలాలో వేసి కలపండి. నీళ్లు పోయి ఖాళీ అయిన చోట్లలోకి, చల్లారుతుండగా మసాలా ఇంకుతుంది. ఇరవై నిమిషాలు చాలు, అంతకంటే ఉంచితే మళ్లీ నీరు ఊరుతుంది. తర్వాత జల్లి మీద పెట్టి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పుతూ కాల్చండి. శనగపిండి అంచులు అక్కడక్కడ నల్లటి చుక్కలు పట్టాలి. ఎల్లిపాయ మాడిన వాసన మొదలైతే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. నిమ్మరసం మాత్రం ట్రే బయటికి తీశాకే, ఒక టీస్పూను. పులుపు మసాలాలోనే ఉంటే పెరుగు విరిగి నీళ్లొదులుతుంది.

ఒంటరిగా ఉండి ఎయిర్ ఫ్రయర్ మాత్రమే ఉన్నవారికి ఇంకా సులువు. 200 డిగ్రీల సెల్సియస్, అంటే దాదాపు 400 ఫారన్‌హీట్‌లో ఉత్తగా ఎనిమిది నిమిషాలు, మసాలాతో మళ్లీ ఆరు. బుట్ట నింపకండి, ఒక్క వరస.

ఆరుబయట బొగ్గుల మీద అయితే నీళ్లు జల్లిలోంచి కిందికి కారిపోతాయి కాబట్టి మొదటి సెగ ఐదు నిమిషాలు చాలు. వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానాలి. కొక్కును అడ్డంగా గుచ్చకుండా కాడ మీదుగా గొడుగు నడినెత్తిలోకి, తిప్పుతూ నెమ్మదిగా దింపితే చీలదు. అద్దె ఇంటి బాల్కనీలో బొగ్గులు, గ్యాస్ గ్రిల్లు పెట్టడం అమెరికాలో చాలాచోట్ల నిబంధనలకు విరుద్ధం, ఒప్పందం కాగితం చదివాకే కొనండి. ఊళ్లో కుంపటిలా ఇంట్లోనో గ్యారేజీలోనో బొగ్గులు వెలిగించడం అసలే వద్దు. కిటికీలు తెరిచినా కార్బన్ మోనాక్సైడ్ నిలుస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఓవెన్‌లో చేసేటప్పుడు పొగ అలారం మోగిందని బ్యాటరీ పీకకండి. పాత ట్రేలకు అంటిన నూనే ఎక్కువసార్లు ఆ పొగకు కారణం. ట్రే తోమి, అడుగున అరకప్పు నీళ్లు పోసి, కిటికీ తీసి, ఫ్యాను వేయండి.

బగారన్నం, పచ్చిపులుసు పక్కన ఇది ఇమిడిపోతుంది. జొన్నరొట్టెలో పెట్టుకుంటే పైన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర చల్లండి. బతుకమ్మ ఆటకు పాట్‌లక్‌గా (తలా ఒక వంట తెచ్చే విందుకు) తీసుకెళ్లేటప్పుడు గిన్నె మీద నువ్వులు, పెరుగు, పల్లి నూనె ఉన్నాయని చీటీ అంటించండి. నువ్వులు పడనివాళ్లు ఉంటారు. అందుకే అమెరికాలో 2023 నుంచి ప్యాకెట్ల మీద నువ్వుల పేరు తప్పనిసరిగా రాస్తున్నారు. శాకాహారుల్లోనూ పుట్టకొక్కులు ముట్టనివారున్నారు, పెద్దలుంటే ముందే అడిగి వడ్డించండి.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి, మూడు రోజులు బాగుంటుంది. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే మళ్లీ తడి చేరుతుంది, ఇనుప పెనం మీద మూత లేకుండా రెండు నిమిషాలు చాలు.