పడవలకన్నా పదేళ్ల ముందే ఊరు

ప్రశ్న: చికాగోలో ఉండే మా అమ్మాయి ఈమధ్య మమ్మల్ని దగ్గర్లోని లాక్‌పోర్ట్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లింది. కాలువ ఒడ్డున గేలార్డ్ బిల్డింగ్ అని పాత రాతి కట్టడం ఉంది. 1838లో కట్టారట. పడవలు నడిచింది మాత్రం 1848 నుంచి! మరి పదేళ్ల ముందే అది ఎవరికోసం? అల్లుణ్ణి అడిగితే "గూగుల్‌లో చూడండి అత్తయ్యా" అన్నాడు.
- ఒక పాఠకురాలు

జవాబు: అల్లుడి సంగతి మీరే చూసుకోండి గానీ, ప్రశ్న మాత్రం భలే పట్టుకున్నారు. అది పడవల కోసం కట్టింది కాదమ్మా, కాలువ తవ్వకానికి కావలసిన సామాను పెట్టుకునే గోదాము.

మిషిగన్ సరస్సునీ ఇల్లినాయ్ నదినీ కలిపే 96 మైళ్ల కాలువ పని 1836లో మొదలైంది. చీఫ్ ఇంజనీరు విలియం గూడింగ్ తన ఆఫీసు చికాగోలో కాకుండా ఇక్కడ పెట్టాడు, ఆ మరుసటి ఏడే ఊరికి ప్లాట్లు గీశారు. ఇక్కడే ఎందుకంటే, నేల ఇక్కడ బాగా వాలుతుంది. ఈ ఒక్క ఊళ్లోనే నాలుగు లాకులు కట్టాల్సివచ్చింది. గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, పడవని రెండు తలుపుల మధ్య ఆపి నీళ్లు నింపి పైకెత్తడమో, వదిలి కిందకి దించడమో. నీళ్లు దిగేచోట మరలు కూడా తిప్పుకోవచ్చని వాళ్ల ఆశ. ఊరి పేరే లాకుల రేవు!

పని మొదలైన మరుసటి ఏడే, 1837లో, అమెరికాలో బ్యాంకులు కుప్పకూలాయి. రాష్ట్రం దగ్గర డబ్బుల్లేక కూలీలకి, వాళ్లలో ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ, నగదు బదులు చీటీలు ఇచ్చారు. ఆ చీటీకి దుకాణంలో పూర్తి విలువ వచ్చేది కాదు (ఈ బాధ మనకి కొత్తా?). తర్వాత కొన్నేళ్లు పనే ఆగిపోయి, 1845లో అప్పు పుట్టాక గానీ మళ్లీ పారలు కదల్లేదు.

1848లో పడవలు వచ్చాక ఊరికి ధాన్యం వ్యాపారం పట్టుకుంది. మీరు చూసిన కట్టడానికి ఆ పేరు కూడా తర్వాతి కాలంలో దాన్ని నడిపిన గేలార్డ్ అనే ధాన్యం వ్యాపారిదే. కానీ నన్నడిగితే అసలు లాభం చికాగోదే. 1840లో అక్కడ జనం 4,470, పదేళ్లకి దాదాపు 30 వేలు. 1850ల్లో రైలు రాగానే ప్రయాణికులు పడవలు మానేశారు, బరువు సరుకులు మాత్రం చాలా ఏళ్లు నీళ్ల మీదే నడిచాయి. 1933లో కాలువ మూసేశారు.

ఈసారి వెళ్తే ఒకటో నంబరు లాకు రాతిగోడలు కూడా చూసిరండి, అవీ ఆ ఊళ్లోనే ఉన్నాయి. అల్లుణ్ణీ వెంటబెట్టుకెళ్లండి.